నలభై ఏడో నంబరు ఇంటికి చేప బిస్కెట్లు

మూడో అంతస్తు, నీళ్ల ట్యాంకు కింది గది
సోమవారం

అక్కా,

నేను క్షేమం. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే చేతికి పిండి అంటుకుందని నువ్వు స్పీకర్ పెడతావు. పోయినసారి నా కడుపునొప్పికి మీ వంటగదిలో ఆరుగురు సలహాలిచ్చారు. ఈ సంగతి ఆ ఆరుగురికీ తెలియడం నాకిష్టం లేదు.

కొత్త ఉద్యోగం బాగానే ఉంది. ఇంటింటికీ వెళ్లి నీళ్ల మీటరు చూసి అంకెలు రాసుకోవడమే పని. నాకిచ్చినవి రెండువందల పన్నెండు ఇళ్లు. అందులో రెండువందల పదకొండు ఇళ్లతో నాకే ఇబ్బందీ లేదు.

మిగిలింది నలభై ఏడో నంబరు. అందులో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు, కుక్క ఒకటి ఉంటారు. కుక్క గోధుమ రంగుది, పెద్దది. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది మడత. మీటరు పెరట్లో ఒక గుంటలో ఉంది. గుంట మీద ఇనప మూత. మూత చల్లగా ఉంటుందని కుక్క పొద్దస్తమానం దాని మీదే పడుకుంటుంది. నేను గేటు దగ్గరికి వెళ్లగానే లేచి నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూస్తుంది. మా సూపర్‌వైజరు కూడా అచ్చం అలాగే చూస్తారు కాబట్టి దానికి ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టుకున్నాను. పెద్దాయన మాత్రం, "వాడేం చెయ్యడమ్మా, లోపలికి రా" అంటారు. కాస్త పక్కకి లాగండి అంటే, "వాడు నా మాట వినడమ్మా. నేనే వాడి మాట వింటాను" అంటారు.

అందుకని రెండు నెలలుగా రిజిస్టరులో ఆ ఇంటి ఎదురుగా "తాళం" అని రాశాను. తాళం లేదు. ఆ ఇంటికి తాళం వేసే అలవాటే లేదు. మూడో నెల కూడా అలా రాస్తే సూపర్‌వైజరే స్వయంగా వచ్చి చూస్తారు. నేను రాసింది అబద్ధమని తేలిపోతుంది. నన్ను పర్మనెంటు చెయ్యాలో, ఇంటికి పంపాలో వచ్చే నెలాఖరుకి తేలుస్తారు. ముప్పై ఆరేళ్లకి ఇది నాలుగో ఉద్యోగం. అయిదోది దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు.

నా తొడ మీది మచ్చ సంగతి నీకు తెలుసు. ఏడేళ్లప్పుడు మనింటి కుక్కే కరిచింది. "నువ్వేదో కదిలించి ఉంటావు, లేకపోతే అది కరిచే రకం కాదు" అన్నారు నాన్న. నిజమే అయ్యుంటుంది. ఏం చేశానో నాకు గుర్తు లేదు. కుక్కలకి మాత్రం అది నా మొహంలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుందనుకుంటాను.

మీ ఆసుపత్రి వెనక కుక్కలన్నీ నీ చుట్టూ తిరుగుతాయి కదా. వాటికేం పెడతావో రాయి.

చెల్లి


ఆసుపత్రి వంటగది, సరుకుల గది
గురువారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఒక్కదాన్నే కూర్చుని చదివాను. ఆ ఆరుగురూ తలుపు బయటే ఉన్నారు.

చేప బిస్కెట్లు చెయ్యి. కుక్క ఎంత పెద్ద ఆఫీసరైనా చేప వాసనకి లేచి వస్తుంది. ముళ్లు తీసిన చేప ఇరవై కిలోలు తీసుకో. ఆవిరి మీద ఉడికించు. చల్లారాక చేత్తో మెదుపుతూ ముళ్లు మిగిలాయేమో ఇంకోసారి వెతుకు. పది కిలోల ఓట్స్ పిండి, నలభై గుడ్లు వేసి గట్టిగా ముద్ద చెయ్యి. పల్చగా ఒత్తి, గోరంత ముక్కలు కొయ్యి. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం సన్న సెగ మీద పెట్టి, రెండు వైపులా తడి పోయేదాకా ఉంచు. ఉప్పు వద్దు, కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, కుక్కలకి అవి విషం. నువ్వు రుచి చూస్తావు, చప్పగా ఉందని ఏదో ఒకటి కలపబోతావు. కలపకు. అవి నీక్కాదు.

లెక్క మూడువందల మందికి రాసినట్టున్నాను. ఇరవై ఏళ్లుగా ఇలాగే వండుతున్నాను, చిన్న లెక్క నాకు రావట్లేదు. నువ్వు అంకెల మనిషివి, తగ్గించుకో.

ఒక్క మాట గుర్తు పెట్టుకో. బిస్కెట్లు మూత ఉన్న డబ్బాలోనే తీసుకెళ్లు. జేబులో వేసుకోకు.

చిన్నప్పటి సంగతులు ఇప్పుడెందుకు? నాన్న బాగున్నారు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే వినిపిస్తోంది. రాత్రిళ్లు మందులు నేనే వేస్తున్నాను.

మళ్లీ చెబుతున్నాను. జేబులో వద్దు.

అక్క


మూడో అంతస్తు
ఆదివారం

అక్కా,

నీ లెక్కని వందతో భాగించాను. చేప రెండువందల గ్రాములు వచ్చింది, పిండి వంద గ్రాములు వచ్చింది, గుడ్డు సున్నా పాయింటు నాలుగు వచ్చింది. మీటరులో నల్ల అంకెలే రాస్తాం, పాయింటు తర్వాత ఉండే ఎర్ర అంకెలు వదిలేస్తాం. చెయ్యి అలవాటు పడిపోయింది. గుడ్డు సున్నా అని రాసుకుని, గుడ్డు లేకుండా చేశాను.

పప్పులో కాలేశానని పెనం మీదే తెలిసింది. ఒక్క ముక్కా నిలవలేదు, అంతా పొడి అయింది. చేసిన పని పారెయ్యడానికి మనసొప్పక ఆ పొడినే డబ్బాలో పోసుకుని నలభై ఏడుకి వెళ్లాను. గేటు అవతలి నుంచి గుప్పెడు తీసి విసిరాను. గాలి ఎదురుగా ఉంది. కొంత నా మీద పడింది. మిగతాది అరుగు మీద గడియారం విప్పుకుని కూర్చున్న పెద్దాయన మీద పడింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఏమిటమ్మా ఇది?" అన్నారు. చేప అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మంచిదే" అన్నారు.

ఇన్‌స్పెక్టరు మూత మీంచి లేవలేదు. ఒక్క ముక్కు మాత్రం ఆడించింది. ఆ మిగతా రోజంతా వీధిలో పిల్లులు నా వెంటే నడిచాయి. నాలుగు పిల్లులు, అరవై ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ ఆగి, నేను రాసుకునేదాకా కూర్చున్నాయి. నా కింద అంతస్తు ఆవిడ మెట్ల మీద ఎదురై ముక్కు మూసుకుని నమస్కారం చేసింది.

ఇంకో సంగతి. నువ్వు చెప్పిన డబ్బా రేకుది. నడుస్తుంటే మూత గలగలమంటోంది. ఆ చప్పుడికే కుక్క మొదట తలెత్తింది. నా యూనిఫారానికి నాలుగు జేబులున్నాయి. జేబులో ఎందుకు వేసుకోకూడదో కారణం రాయి.

చెల్లి


ఆసుపత్రి వంటగది
బుధవారం

చెల్లీ,

గుడ్డు ఒకటి వెయ్యి. పూర్తిగా ఒకటి. ఎర్ర అంకెల గుడ్డు ఏ కోడీ పెట్టదు. ముద్ద జారుగా అనిపిస్తే ఇంకో రెండు చెంచాల పిండి చల్లుకో. గేటు బయటి నుంచి విసరకు, విసిరితే కొడుతున్నావనుకుంటుంది. మొదటి రోజు గేటు లోపల ఒకటి పెట్టి వచ్చెయ్యి. రెండో రోజు రెండడుగులు లోపల. కళ్లలోకి చూడకు. పక్కకి తిరిగి నిలబడు. అది వచ్చి తింటుంది, నువ్వు కదలకు.

జేబులో ఎందుకు వద్దంటే, నూనె మరకలు అవుతాయి. యూనిఫారం పాడవుతుంది.

నీకు మరీ కష్టమైతే చెప్పు. ఒకరోజు సెలవు పెట్టి వస్తాను. నీ టోపీ పెట్టుకుని ఆ ఒక్క మీటరూ నేనే చూసి రాస్తాను. దూరం నుంచి మనిద్దరం ఒకేలా ఉంటామని అందరూ అంటారు. ఇది నవ్వులాటకి రాయడం లేదు. రాత్రంతా ఆలోచించే రాస్తున్నాను. నువ్వు ఆ ఇంట్లోకి వెళ్లకుండా పని జరిగితే నాకు అంతకన్నా కావలసింది లేదు.

ఈరోజు రెండువందల ఎనభై మందికి ఉప్పులేని భోజనం. నలుగురు నన్ను తిట్టారు. మిగతావాళ్లకి ఓపిక లేదు.

అక్క


మూడో అంతస్తు
శనివారం

అక్కా,

బిస్కెట్లు కుదిరాయి. కరకరలాడుతున్నాయి. నువ్వు వద్దన్నా ఒకటి తిన్నాను. నువ్వు చెప్పింది నిజమే, అవి నాక్కాదు.

నీ ఉత్తరం అందాక, ఈ సోమవారం గేటు లోపల ఒకటి పెట్టాను. ఇన్‌స్పెక్టరు తీరిగ్గా లేచి వచ్చి తిని వెళ్లి మళ్లీ మూత మీద పడుకుంది. మంగళవారం రెండడుగులు, బుధవారం అయిదు. గురువారానికి అరుగు దాకా వెళ్లాను. గుండె గుప్పెట్లో పెట్టుకునే వెళ్లాను, కానీ వెళ్లాను. పెద్దాయన నన్ను చూసి గోడ మీది గడియారం చూసి, "నిన్నటికంటే రెండు నిమిషాలు ఎక్కువ ఉన్నావు" అన్నారు.

నిన్న డబ్బా ఇంట్లో వదిలి బిస్కెట్లు జేబులో వేసుకుని వెళ్లాను. నువ్వు చెప్పిన కారణం మీద నాకు నమ్మకం కుదరలేదు. మన బిస్కెట్లలో నూనె లేదక్కా. ఒక్క చుక్క కూడా లేదు. లెక్క రాసింది నువ్వే. ఇరవై ఏళ్లుగా వండుతున్న మనిషి అంత తేలిగ్గా పొరపాటు పడదు.

కుక్క వచ్చింది. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను. అది నా కుడి జేబుకి ముక్కు ఆనించి వాసన చూసింది. మచ్చ ఎక్కడుందో నీకు తెలుసుగా, సరిగ్గా అక్కడే. తర్వాత ఎలా బయటపడ్డానో తెలియదు. రిజిస్టరు పెరట్లోనే పడిపోయింది. పెద్దాయన తుడిచి తెచ్చిచ్చారు. యాభై ఒకటో నంబరు ఇంటి లెక్క మీద పంటిగాట్లున్నాయి.

ఆ ముక్కు తగిలినప్పుడు ఒకటి గుర్తొచ్చింది. ఆ రోజు నేను మెట్ల మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాను. పసుపు గౌను వేసుకున్నాను, దానికి కుడివైపు ఒక పెద్ద జేబు ఉంది. నువ్వు వంటింట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చావు. ఆ తర్వాత నా తొడ వెచ్చగా అయింది. రక్తం వల్ల అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. కాదు. కుక్క రాకముందే వెచ్చగా ఉంది.

అక్కా, ఆ జేబులో ఏముంది?

చెల్లి


ఇల్లు, వంటింటి బల్ల
మంగళవారం

చెల్లీ,

చేప ముక్కలు. రెండు. అప్పుడే వేయించినవి.

ఆ రోజు ఇంటికి ఎవరో వస్తున్నారని అమ్మ చేపలు వేయించి లెక్కపెట్టి పళ్లెంలో పెట్టింది. నేను రెండు తీశాను. ఇంతలో అమ్మ అడుగుల చప్పుడు వినిపించింది. నువ్వు మెట్ల మీద ఉన్నావు. నీ జేబులో కుక్కి, "కదలకు, ఇప్పుడే వస్తాను" అన్నాను. నువ్వు నేనేం చెప్పినా వినేదానివి. కదలలేదు. కుక్క వచ్చి మూతి జేబులో పెట్టినప్పుడు కూడా కదలలేదు. అది చేపనే పట్టుకోబోయింది. గౌను పల్చనిది, కింద నువ్వున్నావు.

నేను తలుపు వెనక నిలబడి ఇదంతా చూశాను. నువ్వు అరిచాక బయటికి వచ్చాను. చేప అప్పటికే కుక్క తినేసింది. నిన్నెత్తుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తాను. పదకొండేళ్ల పిల్ల చెల్లెల్ని అంత దూరం మోసుకెళ్లిందని అందరూ మెచ్చుకున్నారు. నాన్న నాకు పెన్ను కొనిపెట్టారు. నిన్ను, ఏదో కదిలించి ఉంటావన్నారు. కుక్కని మర్నాడు లారీ ఎక్కించి పంపేశారు. కట్టు కట్టిన కాలితో లారీ ముందు నిలబడి దాన్ని పంపొద్దని ఏడ్చింది నువ్వు ఒక్కదానివే. నేను లోపల కూర్చుని కొత్త పెన్నుతో లెక్కలు చేసుకుంటున్నాను.

మొదట దెబ్బలు పడతాయని చెప్పలేదు. తర్వాత పెన్ను తీసేసుకుంటారని చెప్పలేదు. ఆ తర్వాత ఇన్నాళ్లకి చెబితే ఏమనుకుంటారో అని చెప్పలేదు. అమ్మ పోయేదాకా కూడా చెప్పలేదు. నువ్వు కుక్కని చూసి వీధి మారినప్పుడల్లా నేను నీ పక్కన నడుస్తూ, చెయ్యి పట్టుకుని, మంచి అక్కలా ఉన్నాను. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

నువ్వేమీ కదిలించలేదు. నేను కదలొద్దంటే కదలకుండా కూర్చున్నావు, అంతే.

అక్క


మూడో అంతస్తు
నెలాఖరు రోజు

ఆసుపత్రి ప్రధాన వంటమనిషి గారికి,

విషయం: నలభై ఏడో నంబరు ఇల్లు.

మీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు చింతించడం లేదు. పన్నెండు రోజులూ మీకేం రాయాలో ఆలోచించాను. రాసినవన్నీ చింపేశాను. చింపినవాటిలో ఒకటి చాలా బాగుంది, మీకు పంపవలసింది.

ముందుగా పని సంగతి. ఈరోజు సూపర్‌వైజరు గారు నాతోపాటు వచ్చారు. గేటు దాకా వచ్చి ఆగారు. "నువ్వు వెళ్లు, నేనిక్కడి నుంచి పర్యవేక్షిస్తాను" అన్నారు. నేను జేబులో బిస్కెట్లతో లోపలికి వెళ్లాను. ఇన్‌స్పెక్టరు లేచి నా వైపు వచ్చింది. ప్రతిసారీ నాకు ఆ క్షణంలో ఒకటే అనిపించేది, దీనికి నాలో ఏదో తప్పు కనిపించిందని. ఈసారి అలా అనిపించలేదు. ఇది చేప కోసం వస్తోంది అనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను. భయం పోలేదు. అలాగే కూర్చుని అరచేయి చాపాను. దాని నాలుక గరుకుగా, వెచ్చగా ఉంది. ఒక్కొక్కటే పెడుతూ మూత మీంచి పక్కకి తీసుకొచ్చాను. మూత ఎత్తి, అద్దం తుడిచి, నాలుగు నల్ల అంకెలూ రాసుకున్నాను. ఎర్రవి వదిలేశాను. నేను రాస్తున్నంతసేపూ అది నా భుజం మీద గడ్డం ఆనించి చూసింది.

బయటికొచ్చాక సూపర్‌వైజరు గారు, "మరి రెండు నెలలు తాళం అని రాశావే?" అన్నారు. "తాళం లేదండీ, భయమేసింది" అన్నాను. ఆయన గేటు వైపు చూశారు. "నీకు ముందున్నాయన నాలుగేళ్లు తాళమనే రాశాడు. అప్పుడూ నేను వచ్చి చూశాను" అన్నారు. ఎక్కడి నుంచి చూశారని నేను అడగలేదు. "భయానికి రిజిస్టరులో గడి లేదు" అని, సంతకం పెట్టేశారు. ఉద్యోగం ఖాయమైంది.

ఇక నీ సంగతి. క్షమించానని రాయను. రాస్తే నువ్వు హాయిగా నిద్రపోతావు. నాకింకా కోపంగా ఉంది. కరిచినందుకు కాదు, అది పదిహేను రోజుల్లో మానింది. మొదటి ఉద్యోగంలో వాళ్లు అరిస్తే నేనేదో చేసి ఉంటాననుకున్నాను. రెండోచోట మానెయ్యమంటే ఎందుకని కూడా అడగలేదు. పెళ్లి మాటలదాకా వచ్చి అతను వెళ్లిపోయినప్పుడు కూడా, నేనేదో కదిలించి ఉంటాననే అనుకున్నాను. నువ్వు నా తల నిమురుతూ, "నీ తప్పేం లేదే" అన్నావు. అది నీకు అందరికంటే బాగా తెలుసు. నేను నమ్మలేదు. నాన్న అన్న మాటనే నమ్మాను.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. నాన్నకి చెప్పు. ఉత్తరంలో కాదు, ఎదురుగా. నువ్వే చెప్పాలి.

చెల్లి


ఇల్లు, నాన్న మంచం పక్కన
ఆదివారం సాయంత్రం

చెల్లీ,

చెప్పాను.

మెల్లిగా చెప్పాను, వినిపించలేదు. కాస్త గట్టిగా చెబితే, "చేపలా? ఈపూట వద్దులే" అన్నారు. మూడోసారి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "చేప దొంగతనం చేసింది నేను, చెల్లి జేబులో పెట్టింది నేను, కుక్క కరిచింది నా వల్ల" అని. కిటికీ తెరిచి ఉంది. ఎదురింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. కింద సైకిలు తుడుచుకుంటున్నాయన తలెత్తి చూశాడు. నువ్వు ఆరుగురికి తెలియకూడదన్నావు. ఇప్పుడు వీధి వీధంతటికీ తెలుసు. పక్కింటావిడ సాయంత్రం చక్కెర అడగడానికి వచ్చి, చక్కెర తీసుకోకుండా నన్ను చూసి వెళ్లిపోయింది.

నాన్న నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి, "దాన్నేమన్నాను అప్పుడు?" అని అడిగారు. ఆయనకి గుర్తే లేదు. ఏమన్నారో నేనే చెప్పాను. అదీ అరిచే చెప్పాను.

కాగితం తీసుకురమ్మన్నారు. చెయ్యి వణుకుతోంది, అందుకని ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. ఒక్క అక్షరం నాది కాదు:

"అమ్మా, నేను చూడలేదు. చూడకుండా అన్నాను. అడిగి ఉండాల్సింది. నువ్వు చెప్పేదానివి. తప్పు నాది."

చదివి వినిపించమన్నారు. వినిపించాను. "తప్పు నాది" దగ్గర ఇంకోసారి చదవమన్నారు. చదివాను. సంతకం మాత్రం తనే పెడతానని పెన్ను లాక్కున్నారు. అక్షరాలు కుదరలేదు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. కింద కనిపిస్తున్న ఆ వంకరగీతలు ఆయనవే.